ఒకే కాపీ, బోలెడుమంది పాఠకులు, ఒక్క హంతకుడు

మా చదువరుల గ్రూపుకి ఈమధ్య ఒకాయన ఒక థ్రిల్లర్ నవల ఇచ్చేశారు. చదివి తిరిగిమ్మని కాదు, "నేను చదివేశాను, మళ్ళీ అక్కర్లేదు, మీలో ఎవరు చదువుకుంటారో చదువుకోండి" అని పూర్తిగానే వదిలేశారు. ఉన్నదేమో ఒక్క కాపీ, నాకంటే నాకని చెయ్యెత్తినవాళ్ళేమో గ్రూపులో సగంమంది. నవల పేరు మాత్రం చెప్పను, చెప్తే దాని గురించి రెండు ముక్కలు మాట్లాడకుండా ఉండలేను, ఇంకా వంతు రానివాళ్ళు ఇది చదువుతారు, నన్ను బతకనివ్వరు.

అసలు జనం ఇచ్చేసే పుస్తకాల్లో థ్రిల్లర్లే ఎందుకు ఎక్కువుంటాయో ఎప్పుడైనా గమనించారా? కవిత్వం పుస్తకమో, చిన్నప్పట్నుంచి దాచుకున్న కథల పుస్తకమో ఇమ్మంటే ఎవరికీ చెయ్యి రాదు. అదే సస్పెన్స్ నవలైతే హంతకుడెవరో తెలిసిపోయాక ఇంక దాంతో మనకేం పని అనిపిస్తుంది. (నేను రెండోసారి కూడా చదువుతాను లెండి, ఆ క్లూ మన కళ్ళముందే పెట్టి ఎలా దాచాడ్రా అని చూడ్డానికి, కానీ నాలాంటివాళ్ళు తక్కువ.) ఒకరి దగ్గర పని అయిపోయిన పుస్తకం ఇంకొకరి చేతికెళ్ళగానే మళ్ళీ కొత్తదైపోతుంది. అందుకే పదిమంది కలిసి ఒకే కాపీ చదవాలంటే థ్రిల్లర్ని మించింది లేదని నేనంటాను. పైగా అందరూ ఏకబిగిన చదివేస్తారు కాబట్టి వంతు తొందరగా వస్తుంది, లావుపాటి చరిత్ర పుస్తకమైతే రెండో మనిషి దగ్గరే ఆగిపోయి ఉండేది.

ఇలా ఒక పుస్తకాన్ని చేతులు మార్చుకుంటూ చదవడం కొత్తేం కాదు. 2001లో అమెరికాలో రాన్ హార్న్‌బేకర్ అనే ఆయన బుక్‌క్రాసింగ్ అని మొదలుపెట్టాడు, పుస్తకానికి ఒక నంబరు ఇస్తారు, అది ఎక్కడెక్కడ తిరిగిందో ఆ నంబరుతో తెలుసుకోవచ్చు. వాళ్ళలో రెండు పద్ధతులున్నాయి, ఒకటి బుక్‌రింగ్, అంటే లిస్టులో ఉన్నవాళ్ళంతా వరసగా చదివి చివరికి మొదటి మనిషికే తిరిగి పంపుతారు, రెండోది బుక్‌రే, అంటే వెళ్ళడమే తప్ప తిరిగి రావడం ఉండదు. మాది రెండో రకం అన్నమాట, ఇచ్చినాయన తిరిగొద్దన్నారు కాబట్టి. రూల్స్ కూడా పెద్దగా ఏం లేవు. వంతు వచ్చినప్పుడు చేతిలో ఇంకో పుస్తకం ఉంటే మొహమాటపడకుండా "నన్ను దాటేసి తర్వాతవాళ్ళకి పంపండి" అని చెప్పాలి, అడ్రస్ అందరిముందు పెట్టకుండా విడిగా ఇచ్చుకోవాలి, పుస్తకం అందగానే అందిందని ఒక ముక్క పెట్టాలి, అంతే.

లిస్టులో ఎవరు ముందు ఎవరు వెనక అన్నదాని మీద మాత్రం పెద్ద చర్చే జరిగింది. స్పీడుగా చదివేవాళ్ళని ముందు పెట్టాలని కొందరు, ముందు అడిగినవాళ్ళకే ముందు అని కొందరు. నా లెక్క వేరు. థ్రిల్లర్ విషయంలో చూడాల్సింది స్పీడు కాదండీ, నోరు. కడుపులో మాట ఆగనివాళ్ళు ప్రతి గ్రూపులోనూ ఉంటారు, వాళ్ళెవరో వాళ్ళకీ తెలుసు మనకీ తెలుసు, వాళ్ళని ప్రేమగా లిస్టు చివర పెట్టండి. మా దగ్గర ఒకావిడ తనే ముందుకొచ్చి "నన్ను ఆఖర్న పెట్టండి బాబూ, నా వల్ల కాదు" అనేశారు, ఆవిడకి దణ్ణం పెట్టాలి.

హంతకుడి పేరు చెప్పేస్తేనే స్పాయిలర్ అనుకుంటారు చాలామంది. అదొక్కటే కాదు. "చివర్లో ట్విస్ట్ ఉంది చూడండీ, అదిరిపోతుంది" అన్నారనుకోండి, పాపం మంచి ఉద్దేశంతోనే అన్నారు, కానీ అది విన్నవాడు మొదటి పేజీ నుంచీ ప్రతి ఒక్కర్నీ అనుమానంగా చూస్తూ చదువుతాడు, రచయిత మెల్లగా కట్టుకొచ్చిన నమ్మకం అంతా వీడి దగ్గర పనిచెయ్యదు. "నాకా డాక్టర్ పాత్ర భలే నచ్చింది" అంటే అయిపోయింది, ఇంక అందరి కళ్ళూ డాక్టర్ మీదే. ఇంకొంతమంది ఏమీ అనరు, మనం "నూట యాభయ్యో పేజీలో ఉన్నాను" అంటే ఒక నవ్వు బొమ్మ పెడతారు. ఆ నవ్వు చాలదా! దాన్ని పట్టుకుని ఒక రోజంతా ఆలోచించినవాళ్ళు మా గ్రూపులో ఉన్నారు. అందుకని ఇప్పుడు మా మధ్య ఒక ఒప్పందం ఉంది, చదవడం పూర్తయినవాళ్ళు "అయింది, పంపుతున్నాను" అని మాత్రమే చెప్పాలి, బాగుందనీ చెప్పకూడదు బాగాలేదనీ చెప్పకూడదు. కఠినంగానే ఉంది కానీ పనిచేస్తోంది.

స్పాయిలర్ వల్ల నష్టమేం లేదని చెప్పే పరిశోధన కూడా ఉందండోయ్. 2011లో కాలిఫోర్నియా యూనివర్సిటీ శాన్ డియాగోలో లెవిట్, క్రిస్టెన్‌ఫెల్డ్ అని ఇద్దరు సైకాలజిస్టులు పాఠకులకి కథలిచ్చి, కొందరికి ముగింపు ముందే చెప్పేసి చదివిస్తే, ముందే తెలిసినవాళ్ళే కథని ఇంకాస్త ఎక్కువ ఇష్టపడ్డారట, మిస్టరీ కథలు కూడా వాటిలో ఉన్నాయి. మా గ్రూపులో ఒకతను దీన్ని పట్టుకుని తెగ వాదించాడు. నేను ఒప్పుకోను. వాళ్ళిచ్చినవి చిన్న కథలు, ఒక్క కూర్చోడంలో అయిపోయేవి. నాలుగొందల పేజీల నవలని రాత్రుళ్ళు నిద్ర మానుకుని చదివేవాడి సంగతి వేరు, వాడు పెట్టిన టైం వేరు, వాడి కోపం వేరు. తర్వాత వేరేవాళ్ళు చేసిన ప్రయోగాల్లో దీనికి ఎదురు ఫలితాలు కూడా వచ్చాయి కాబట్టి ఆ ఒక్క స్టడీ చూసి ఎవరూ నోరు తెరవక్కర్లేదు. లండన్లో ఒక మర్డర్ మిస్టరీ నాటకం 1952లో మొదలై ఇప్పటికీ ఆడుతోంది, నాటకం అయ్యాక చూసినవాళ్ళని "హంతకుడెవరో బయట చెప్పకండి" అని అడగడం అక్కడ ఆనవాయితీ. అంతమంది ప్రేక్షకులని అడగ్గా లేంది గ్రూపులో పదిమందిని అడగడానికేంటి?

ఇంక పుస్తకం సంగతి. చేతులు మారిన థ్రిల్లర్ని ఒకసారి పక్కనుంచి, వెన్ను వైపు నుంచి చూడండి. పేపర్‌బ్యాక్ వెన్నుమీద తెల్లటి గీతలు పడతాయి కదా, పుస్తకాన్ని బాగా తెరిచి బోర్లా పెట్టిన చోటల్లా ఒక గీత. మాకొచ్చిన కాపీలో ఆ గీతలన్నీ మొదటి సగంలోనే ఉన్నాయి, దగ్గరదగ్గరగా, ఎవరో లేచి వెళ్ళారు, ఎవరికో ఫోనొచ్చింది, ఎవరో నిద్రపోయారు. ఆఖరి మూడో వంతు మాత్రం వెన్ను కొత్త పుస్తకంలా నున్నగా ఉంది. అక్కడికొచ్చాక ఎవరూ పుస్తకం కింద పెట్టలేదన్నమాట! ఏ రివ్యూ అయినా ఇంతకన్నా ఏం చెప్తుంది?

పెన్సిల్ గీతల దగ్గరే గొడవ. నాకంటే ముందు చదివినవాళ్ళెవరో ఒక వాక్యం పక్కన చిన్న ప్రశ్న గుర్తు పెట్టారు. మామూలు వాక్యమే, ఎవరో ఇంటికి ఎన్నింటికి వచ్చారో చెప్పే లైను, కానీ ఆ గుర్తు చూశాక ముందుకి పోలేకపోయాను, వెనక్కెళ్ళి రెండు చాప్టర్లు మళ్ళీ చదివాను, టైములన్నీ లెక్కేసుకున్నాను. తీరా చూస్తే ఆ లైనుకి కథలో ఏ ప్రాముఖ్యతా లేదు, పెట్టినావిడ కూడా అనుమానంతో పెట్టిందే తప్ప తెలిసి కాదు. అంటే రచయిత పెట్టిన తప్పుదోవలు చాలవన్నట్టు మనవాళ్ళు ఇంకొకటి కలిపారు. ఒకరకంగా బాగానే ఉంది అనిపించింది కానీ ఆ గుర్తు నిజంగా అసలు క్లూ మీదే పడి ఉంటే? అందుకే పుస్తకంలో ఏమీ రాయొద్దని తేల్చుకుని, పుస్తకంతో పాటు తిరిగేలా ఒక నోట్‌బుక్ పెట్టాం.

ఈ నోట్‌బుక్ ఐడియా ఎవరైనా వాడుకోవచ్చు, కాపీరైట్ లేదు. సరిగ్గా నవల సగంలో ఒక పేజీ నంబరు అనుకున్నాం, అక్కడికి రాగానే ప్రతి ఒక్కరూ ఆగి "నా అనుమానం ఫలానా వాళ్ళ మీద, ఎందుకంటే ఇందుకు" అని రాసి, ఆ కాగితం మడిచి స్టేపుల్ కొట్టెయ్యాలి. ముందువాళ్ళది విప్పి చూడకూడదు. లిస్టు పూర్తయ్యాకే అన్నీ విప్పడం. ఇంకా కొందరి వంతు ఉంది, కానీ చదివేసినవాళ్ళం విడిగా మాలో మేం ఏం రాశామో చెప్పుకున్నాం లెండి, ఆగలేక. దాదాపు అందరం ఒకే మనిషిని అనుమానించాం, సరిగ్గా రచయిత ఎవర్ని అనుమానించమన్నాడో వాణ్ణే. ఒకే ఒక్కామె అసలు పేరు రాసింది, తీరా కారణం ఏం రాసిందయ్యా అంటే "వీడు మరీ మంచిగా ఉన్నాడు, నాకు నచ్చలేదు" అని! కారణం తప్పు, సమాధానం రైటు, మార్కులు ఇవ్వాలా వద్దా అని ఇప్పటికీ కొట్టుకుంటున్నాం. ఒంటరిగా చదువుకుంటే ఈ సరదా ఎక్కడొస్తుందండీ.

మధ్యలో ఒకరు "ఇంతమంది ఎదురుచూడ్డం ఎందుకు, స్కాన్ చేసి పీడీఎఫ్ పెట్టెయ్యొచ్చుగా" అన్నారు. ఇది ప్రతి గ్రూపులోనూ వచ్చేదే. కొన్న పుస్తకాన్ని ఇంకొకరికి ఇవ్వడం వేరు, కాపీలు తియ్యడం వేరు. 1908లో అమెరికా సుప్రీంకోర్టు ముందుకి ఇలాంటి కేసే ఒకటొచ్చింది, ఒక ప్రచురణకర్త నవల్లోనే "ఒక్క డాలర్ కన్నా తక్కువకి అమ్మితే కాపీరైట్ ఉల్లంఘనే" అని అచ్చేస్తే, ఒక దుకాణం 89 సెంట్లకి అమ్మింది, కోర్టుకెళ్తే ఒకసారి అమ్మేసిన కాపీని తర్వాత ఎంతకి అమ్ముకోవాలో నువ్వు శాసించలేవని ప్రచురణకర్తకి చెప్పారు. అంటే ఆ కాపీ మీద హక్కు కొన్నవాడిది, కొత్త కాపీలు చేసే హక్కు మాత్రం కాదు. చాలా దేశాల్లో చట్టం స్థూలంగా ఇదే. ఈబుక్కుల్లో అయితే చాలాచోట్ల అసలు పుస్తకం అమ్మరు, చదువుకునే లైసెన్సు అమ్ముతారు, అందుకే దాన్ని ఇలా తిప్పుకోలేం. ఇదంతా పక్కనపెట్టినా, పీడీఎఫ్ అందరికీ ఒకేసారి వచ్చేస్తే ఎవరూ చదవరు, అది నా అనుభవం. వంతు కోసం ఎదురుచూసిన పుస్తకం మాత్రం వచ్చిన రోజే తెరుస్తారు.

ఇంకో ముఖ్యమైన సంగతి, ఈ చవక పేపర్‌బ్యాకులని కుట్టరు, కాగితాల అంచులు కోసి జిగురుతో అట్టకి అంటిస్తారు, అందుకే బలవంతంగా వెనక్కి విరిచి తెరిస్తే జిగురు పగిలి పేజీలు ఒక్కొక్కటీ చేతికొస్తాయి. ఊడితే సెల్లోటేప్ వెయ్యకండి, కొన్నాళ్ళకి పసుపు పచ్చగా మారి అక్షరాల్ని కూడా తినేస్తుంది, జిగురు సన్నగా రాసి బరువు పెట్టండి చాలు. మిగతా నవలల్లో ఒక కాగితం పోతే సర్దుకుపోతాం, థ్రిల్లర్లో చివరి కాగితం పోతే? ఆ మనిషి ఏమైపోవాలి? కాబట్టి పంపేముందు చివరి పేజీలు ఉన్నాయో లేదో తప్పకుండా చూడండి. చేతికి అందినవాళ్ళు కూడా చూసుకోండి, కానీ అరచెయ్యి అడ్డం పెట్టి పేజీ నంబర్లు మాత్రమే, ఒక్క లైను కూడా కంట్లో పడకూడదు. చివరి పేజీ ముందే చదివి తర్వాత మొదలుపెట్టే జాతి ఒకటుంది, వాళ్ళతో నాకు స్నేహమే గానీ ఈ విషయంలో మాత్రం మాటల్లేవు.

ఇప్పుడు లిస్టు చివరికొస్తోంది, తర్వాత ఈ పుస్తకం ఎటు పోవాలన్నది తేలలేదు. ఒకరేమో గ్రూపు గుర్తుగా దాచుకుందాం అంటారు, ఒకరు లైబ్రరీకి ఇద్దాం అంటారు. దాచడానికి నేను ఒప్పుకోలేదు. మన దేశంలో గ్రంథాలయ శాస్త్రానికి ఆద్యుడైన ఎస్.ఆర్. రంగనాథన్ గారు 1931లో గ్రంథాలయాల గురించి అయిదు సూత్రాలు రాస్తే అందులో మొట్టమొదటిదే పుస్తకాలున్నది వాడుకోడానికి అని, మనమందరం చదివేసిన థ్రిల్లర్ మన షెల్ఫులో ఏం చేస్తుంది? లైబ్రరీ కూడా మంచిదే కానీ కాగితం అంచులు అప్పుడే ముదురు రంగుకి తిరిగాయి, అట్ట నలిగింది, ఈ స్థితిలో వాళ్ళు తీసుకుంటారన్న నమ్మకం నాకు లేదు, ముందు అడిగి చూడాలి. నా ఓటు ఇంకో చదువరుల గ్రూపుకి పంపడానికే, కొత్త నోట్‌బుక్ ఒకటి జత చేసి. మా పాత నోట్‌బుక్ మాత్రం పంపేది లేదు, అందులో హంతకుడి పేరుంది.