రన్నింగ్ బ్యాక్‌ల రిపోర్టు: నా అనుభవం

నిన్న రాత్రి పదకొండింటికి మా అబ్బాయి ఆడే అమెరికన్ ఫుట్‌బాల్ జట్టు కోచ్‌కి, జట్టులోని రన్నింగ్ బ్యాక్‌ల మీద రెండో రిపోర్టు పంపాను. ఈ ఉదయం "ఇది పనికొస్తుంది" అని జవాబొచ్చింది. ఆ ఒక్క మాట కోసం మూడు వారాలు సరిగా నిద్రపోలేదు. వేడి తగ్గకముందే రాసేస్తున్నాను, ఎందుకంటే మొదటి రిపోర్టు రోజు జరిగింది ఇంకా కడుపులో మండుతూనే ఉంది.

మేం ఉండేది డాలస్ పక్కన ఫ్రిస్కోలో. డాలస్ కౌబాయ్స్ అనే ప్రొఫెషనల్ ఫుట్‌బాల్ జట్టు ప్రధాన కార్యాలయం, ప్రాక్టీస్ మైదానం మా ఊళ్లోనే ఉన్నాయి. ఇక్కడ పిల్లవాడికి ఫుట్‌బాల్ పిచ్చి పట్టకపోతే ఆశ్చర్యపోవాలి. మావాడికి పదమూడేళ్లు, ఒక యూత్ లీగ్ జట్టులో రన్నింగ్ బ్యాక్. ఆటని నడిపించే క్వార్టర్‌బ్యాక్ చేతిలోంచి బంతి అందుకుని, ఎదుటి జట్టు గోడలో సందు వెతుక్కుని దూసుకెళ్లడం వాడి పని. మా జట్టులో అలాంటి వాళ్లు నలుగురు. నేను ఆఫీసులో డేటా పని చేస్తానని తెలిసి కోచ్ అడిగాడు: "ప్లేఆఫ్‌లకి ముందు ఈ నలుగురిలో ఎవరి బలమేంటో, ఎవరి లోపమేంటో రాసివ్వగలవా?" వెంటనే ఒప్పుకున్నాను.

వీడియోలు సంపాదించడం తేలికే. ఒక పిల్లవాడి అమ్మ ప్రతి మ్యాచ్‌నూ మెట్ల పైవరస నుంచి తీస్తుంది, అడగ్గానే లింక్ ఇచ్చింది. ఎక్సెల్ షీట్ ఒక్క సాయంత్రం పని.

ఆ షీట్‌లో మావాడు, అంటే 28వ నంబరు, అందరికంటే పైన ఉన్నాడు. 31 క్యారీలు (బంతి పట్టుకుని పరిగెత్తినవి), ఒక్కోదానికి సగటున 6.8 యార్డులు. రెండో స్థానంలో 22వ నంబరు. 34వ నంబరు కుర్రాడు 40 సార్లు బంతి పట్టుకుని సగటున 4.1 యార్డులే తెచ్చాడు, వాడిది మూడో స్థానం. 5వ నంబరుకి ఎనిమిది క్యారీలే కాబట్టి చివర పెట్టాను. రంగులు వేసి, గ్రాఫులు పెట్టి, ఆదివారం మధ్యాహ్నం కోచ్ ఇంటి గ్యారేజీకి పట్టుకెళ్లాను. సహాయం చేసే తండ్రులు ఇంకో నలుగురున్నారు.

కోచ్ నా కాగితం రెండు నిమిషాలు చూశాడు. ఏమీ అనకుండా గోడ మీది టీవీలో మూడో మ్యాచ్ పెట్టాడు. థర్డ్ డౌన్, అంటే పది యార్డులు దాటడానికి ఇచ్చే నాలుగు ప్రయత్నాల్లో మూడోది, ఇంకా ఏడు యార్డులు కావాలి. మా క్వార్టర్‌బ్యాక్ బంతి విసరడానికి వెనక్కి జరిగాడు, పక్కన మావాడు. ఎదుటి జట్టు లైన్‌బ్యాకర్ (వాళ్ల గోడ వెనక కాపు కాసేవాడు) ఒకడు ఎడమవైపు సందులోంచి నేరుగా దూసుకొచ్చాడు. అలాంటప్పుడు వాణ్ణి అడ్డుకోవడం రన్నింగ్ బ్యాక్ పని. మావాడు వాణ్ణి చూడనే లేదు. బంతి తనకే వస్తుందన్నట్టు బయటికి పరిగెత్తాడు. క్వార్టర్‌బ్యాక్ నేల మీద పడి డొక్క పట్టుకున్నాడు. తర్వాత రెండు ప్లేలు బయటే కూర్చున్నాడు.

కోచ్ వీడియో ఆపి అడిగాడు. "ఈ ప్లే నీ షీట్‌లో ఎన్నో వరస?"

నేను వెతికాను. లేదు. మావాడు బంతి పట్టుకోలేదు కాబట్టి ఆ ప్లే నా షీట్‌లోకే రాలేదు. కోచ్ ఇంకోటి పెట్టాడు, అదీ లేదు. ఇంకోటి. ఆరు ప్లేలు వరసగా చూపించాడు. వాటిలో నాలుగింట్లో 34వ నంబరు కుర్రాడు తనకంటే పెద్దవాళ్ల ఛాతీకి అడ్డంగా వెళ్లి ఆపాడు. ఆ నాలుగు ప్లేలలోనూ మాకు ఫస్ట్ డౌన్ వచ్చింది, అంటే కావాల్సిన యార్డులు దాటి మళ్లీ నాలుగు ప్రయత్నాలు దక్కాయి. నా షీట్ ప్రకారం ఆ నాలుగు చోట్లా వాడు చేసింది ఏమీ లేదు.

అప్పుడు పక్కనున్న తండ్రి ఒకడు, గట్టిగానే, "సొంత కొడుకుని పైన పెట్టుకోవడానికి ఇన్ని గ్రాఫులెందుకు?" అన్నాడు. ఎవరూ నవ్వలేదు. నవ్వి ఉంటే బాగుండేది. కోచ్ కాగితం మడిచి నా చేతికిచ్చి, "బంతి చేతిలో లేనప్పుడు ఏం చేశారో చూసి మళ్లీ రా" అన్నాడు. నేను కావాలని కొడుకుని పైకెక్కించలేదు, లెక్క అలా వచ్చింది. కానీ ఆ లెక్క అలా రాగానే ఇంకోసారి చూసుకోవాలని నాకు అనిపించలేదన్నది కూడా నిజమే. నలభై ఆరేళ్ల మనిషిని, పదిహేనేళ్లుగా ఇదే నా ఉద్యోగం. కారులో పావుగంట స్టీరింగ్ పట్టుకుని అలాగే కూర్చున్నాను.

ఇంటికెళ్లాక మా ఆవిడ, "ఏమండీ, ఏమైంది? వాడు తప్పు చేశాడా, మీరు తప్పు రాశారా?" అని అడిగింది. రెండూనని చెప్పాను.

మర్నాడు ఆఫీసులో మా నెల్లూరు అన్నకి చెప్పుకున్నాను. ఆయన పాతికేళ్లుగా డాలస్‌లో ఉన్నాడు, కౌబాయ్స్ ఓడితే ఆ సోమవారం ఎవరితోనూ మాట్లాడడు. "తమ్ముడూ, డిమార్కో మర్రే సంగతి తెలుసా నీకు?" అన్నాడు. 2014లో కౌబాయ్స్ రన్నింగ్ బ్యాక్ మర్రే 392 క్యారీల్లో 1,845 యార్డులు పరిగెత్తాడు, అది ఇప్పటికీ కౌబాయ్స్ సీజన్ రికార్డు. మరుసటి సంవత్సరం పెద్ద కాంట్రాక్టుతో ఫిలడెల్ఫియా జట్టుకి వెళ్తే 702 యార్డులే వచ్చాయి, సగటు 3.6. అదే 2015లో మర్రే ఖాళీ చేసిన చోట డారెన్ మెక్‌ఫాడెన్, అదే డాలస్ లైన్ (ముందుండి దారి తెరిచే ఆటగాళ్ల గోడ) వెనక, 1,089 యార్డులు తెచ్చాడు. ఆ లైన్‌లో టైరన్ స్మిత్, ట్రావిస్ ఫ్రెడరిక్, జాక్ మార్టిన్ లాంటి మేటి ఆటగాళ్లు ఉన్నారు. "ఆ యార్డుల్లో కాళ్లవెన్నో, ముందున్న గోడవెన్నో విడదీయకుండా రాస్తే అది రిపోర్టు కాదు" అన్నాడు అన్న.

కౌబాయ్స్‌కే ఆడిన ఇంకో రన్నింగ్ బ్యాక్ టోనీ పొలార్డ్ సంగతీ ఆయనే చెప్పాడు. 2022లో తోటి రన్నింగ్ బ్యాక్ ఎజీకియల్ ఎలియట్‌తో భారం పంచుకుని 193 క్యారీల్లో 1,007 యార్డులు, సగటు 5.2. ఎలియట్ సగటు 3.8 మాత్రమే. అందరూ పొలార్డ్‌కే బంతి ఇవ్వాలన్నారు. 2023లో ఎలియట్ వెళ్లిపోయాడు, పొలార్డ్‌కి 252 క్యారీలు వచ్చాయి. యార్డులు 1,005, సగటు 4.0. మధ్యలో ప్లేఆఫ్ మ్యాచ్‌లో కాలు విరిగిన మాటా మర్చిపోకూడదు. ఏదైనా, తక్కువసార్లు పరిగెత్తినవాడి సగటు చూసి, వాణ్ణి రోజంతా పరిగెత్తిస్తే అంతే వస్తుందనుకోవడం పొరపాటు. ఎలియట్ సగటు పడిపోయిన రోజుల్లో కూడా బ్లిట్జ్‌ని, అంటే క్వార్టర్‌బ్యాక్ మీదికి అదనంగా దూసుకొచ్చేవాళ్లని, ఆపడంలో అతన్ని అందరూ నమ్మేవారు.

నా షీట్ మళ్లీ తెరిచాను. మావాడి 31 క్యారీల్లో రెండే రెండు పొడుగు పరుగులు, 64, 58. రెండూ లీగ్‌లో అడుగున ఉన్న జట్టు మీద, మేం అప్పటికే గెలిచేసిన తర్వాత. అవి తీసేస్తే 29 క్యారీలకు 89 యార్డులు. అంటే మూడే. ఆ సంఖ్య చూసి లేచి మంచినీళ్లు తాగొచ్చాను.

ఇక రెండోసారి ఎలా చూశానో చెప్తాను, ఎవరికైనా ఉపయోగపడొచ్చు. ప్రతి ప్లే నాలుగుసార్లు. మొదటిసారి రన్నింగ్ బ్యాక్‌ని అసలు చూడకూడదు, ముందున్న అయిదుగురు లైన్‌మెన్‌నే చూడాలి, సందు ఎక్కడ తెరుచుకుందో తెలియడానికి. రెండోసారి బ్యాక్ ఆ సందుని చూశాడా, లేక వెనకే అటూ ఇటూ గెంతి ఒక అడుగు పోగొట్టుకున్నాడా. మూడోసారి, మొదటి దెబ్బ తగిలాక ఎన్ని యార్డులు వచ్చాయి, ముందుకి పడ్డాడా వెనక్కి పడ్డాడా. నాలుగోసారి బంతి పట్టు. బంతి కొన వేళ్ల మధ్య, రెండో కొన మోచేతి మడతలో, ఛాతీకి అదిమి ఉండాలి. చెయ్యి శరీరానికి దూరంగా ఊగిందంటే ఈ మ్యాచ్‌లో కాకపోతే పై మ్యాచ్‌లో ఫంబుల్, అంటే బంతి చేజారడం. 22వ నంబరు మెరుపులాంటి కుర్రాడు, పాస్ పట్టడంలో వాడి తర్వాతే ఎవరైనా, కానీ మూడుసార్లు బంతి పోగొట్టుకున్నాడు. మూడుసార్లూ చెయ్యి ఊగింది.

బంతి లేని ప్లేలకి వేరే షీట్. బ్యాక్ ముందుగా లోపలి వైపు చూడాలి, ఎందుకంటే క్వార్టర్‌బ్యాక్‌కి దగ్గర దారి అదే. తర్వాతే బయటికి. ఎదురెళ్లి ఆపాలి కానీ నిలబడి దెబ్బ తినకూడదు. 34వ నంబరు ఇదంతా ఎవరూ చెప్పకుండానే చేస్తున్నట్టుంటాడు. థర్డ్ డౌన్‌లో ఒకటి రెండు యార్డులు కావాల్సినప్పుడు తొమ్మిదిసార్లు బంతి ఇస్తే ఎనిమిదిసార్లు తెచ్చాడు. పొడుగు పరుగులో మాత్రం వెనకనుంచి ఎవరైనా పట్టేస్తారు, అది లోపమే, రాశాను. నర్సరావుపేటలో మా బడి కబడ్డీ జట్టులో నేను మూలనుంచి చీలమండ పట్టేవాణ్ణి. పేరంతా రైడర్‌కే వచ్చేది. ఈ పిల్లవాణ్ణి మొదటి రోజే గుర్తుపట్టాల్సింది నేను.

డబ్బు తీసుకుని ఆటగాళ్లకి మార్కులు వేసే యాప్ ఒకటి కొన్నాను, కొనకండి. పొడుగు పరుగులకే మార్కులు కుమ్మరిస్తుంది. ఇక్కడి తల్లిదండ్రులు పిల్లల హైలైట్ వీడియోలకి వందల డాలర్లు పోస్తున్నారు. వాటిలో ఒక్క బ్లాకు (ఎదుటివాణ్ణి అడ్డుకోవడం) ఉండదు. పన్నెండేళ్ల పిల్లవాడికి చప్పట్లు కొట్టే పని ఏదో, కొట్టని పని ఏదో మనమే నేర్పుతున్నాం, తర్వాత జట్టు కోసం ఆడటం లేదని వాణ్ణే తిడుతున్నాం. ఇంకో మాట, రిపోర్టు కోచ్‌కి తప్ప ఇంకే తండ్రికీ చూపించకండి. గ్యారేజీలో ఆ మాటన్న పెద్దమనిషి పక్కన నేను ఈ సీజన్లో కూర్చోను.

రెండో రిపోర్టు నాలుగు పేజీలు, గ్రాఫులు లేవు. థర్డ్ డౌన్‌లో 34 ఉండాలి. 22కి బంతి పట్టు దిద్దాలి, అప్పటిదాకా ఆధిక్యంలో ఉన్నప్పుడు చివరి నిమిషాల్లో బంతి ఇవ్వకూడదు. 5వ నంబరుకి అవకాశాలు పెంచాలి, ఎనిమిది క్యారీలతో తీర్పు చెప్పలేం, కానీ ఎనిమిదింటిలోనూ ముందుకే పడ్డాడు. 28కి కాళ్లలో వేగం ఉంది, ముందు ఖాళీ దొరికితే వాణ్ణి పట్టడం కష్టం. బ్లిట్జ్ వచ్చే ప్లేలలో ఇప్పుడే నమ్మలేం. ఆ చివరి వాక్యం టైపు చేయడానికి చాలాసేపు పట్టింది.

పంపే ముందు మావాడికి ఆ ప్లే చూపించాను. కోచ్ చెప్పేలోపు నేనే చెప్పాలనిపించింది. వాడు తెర వైపు చూడకుండానే, "నాకు ఆ రోజే తెలుసు నాన్నా. ఆ రాత్రే మా క్వార్టర్‌బ్యాక్‌కి సారీ చెప్పాను. నువ్వు అడుగుతావేమో అని చూశాను" అన్నాడు.

ఏం అనాలో తెలియలేదు. కాసేపటికి వాడే లేచి, సోఫా మీది పెద్ద దిండు నా చేతుల్లో పెట్టి గ్యారేజీలోకి రమ్మన్నాడు. నేను లైన్‌బ్యాకర్‌ని, లోపలి నుంచో బయటినుంచో చెప్పకుండా రావాలి. తొమ్మిదిన్నర దాకా ఇరవైసార్లు వచ్చాను. పదమూడుసార్లు ఆపాడు.