పాలిప్‌లు తీయించుకున్నాక నా భోజనం

48వ ఏట మల పరీక్షలో కంటికి కనిపించనంత రక్తం ఉన్నట్టు తేలినప్పుడు నాకు నొప్పి గానీ, నీరసం గానీ లేవు. మొలల వల్లేనని నాకు నేనే సర్దిచెప్పుకొని రెండు నెలలు ఊరుకున్నాను. అంత తాత్సారం చేసి ఉండకూడదు.

చివరికి కొలనోస్కోపీకి, అంటే కెమెరా ఉన్న సన్నని గొట్టంతో పెద్దపేగు లోపల చూసే పరీక్షకు, ఒప్పుకున్నాను. అందులో కష్టమంతా పేగును శుభ్రం చేసుకోవడంలోనే ఉంది. ముందురోజు అన్నపానాల్లో తేట ద్రవాలు తప్ప ఏమీ తీసుకోకుండా, ఇచ్చిన మందునీళ్లు సగం ఆ రాత్రి, సగం తెల్లవారుజామున తాగి, విరేచనం తేటనీళ్లలా అయ్యేదాకా మేలుకొనే ఉన్నాను. పేగులో మలం మిగిలిపోతే చిన్న పాలిప్‌లు, అంటే పేగు లోపలి పొర మీద పుట్టే చిన్న కండ పెరుగుదలలు, డాక్టరు కంటపడవు కాబట్టి ఆ చివరి గ్లాసును వదిలేయకుండా తాగడం ఎంతో అవసరం. పరీక్ష మాత్రం మత్తులోనే అయిపోయింది. రెండు పాలిప్‌లు కనిపించగా వాటిని అప్పుడే తీసి బయాప్సీకి పంపారు. అవి అడినోమాలని వారం తర్వాత తెలిసింది. అవి కేన్సర్ కాదు గానీ, అలాంటివాటిలో కొన్ని ఏళ్ల తరబడి మారుతూ కేన్సర్‌గా పరిణమిస్తాయి.

నేనేం తింటానని డాక్టరు అడిగారు. దాదాపు రోజూ ఉదయం సాసేజ్ గానీ హామ్ గానీ, వారంలో నాలుగైదుసార్లు మేక, గొర్రె మాంసం వంటి ఎర్ర మాంసం తింటానని చెప్పాను. ఈ పాలిప్‌లు దానివల్లే వచ్చాయని ఎవరూ చెప్పలేరని, అయినా ముప్పును పెంచే అలవాటును కొనసాగించడం మంచిది కాదని ఆయన అన్నారు.

ఆ తర్వాత చదివిన విషయం నన్ను మొదట హడలగొట్టింది. ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన అంతర్జాతీయ కేన్సర్ పరిశోధన సంస్థ 2015 అక్టోబరులో, 22 మంది నిపుణులు 800కు పైగా అధ్యయనాలను పరిశీలించాక, సాసేజ్, హామ్ వంటి ప్రాసెస్ చేసిన మాంసాన్ని పొగాకు ఉన్న, 'కేన్సర్ కారకం' అనే మొదటి వర్గంలోనూ, ఎర్ర మాంసాన్ని 'బహుశా కేన్సర్ కారకం' అనే 2ఎ వర్గంలోనూ చేర్చింది. అయితే ఆ వర్గాలు ఆధారం ఎంత గట్టిదో చెబుతాయే తప్ప, ముప్పు ఎంత పెద్దదో చెప్పవు. రోజుకు 50 గ్రాముల ప్రాసెస్ చేసిన మాంసం తింటే పెద్దపేగు, మలాశయ కేన్సర్ ముప్పు సుమారు 18 శాతం పెరుగుతుందన్నారు. అంటే వందమందిలో ఐదుగురికి వచ్చే జబ్బు దాదాపు ఆరుగురికి వస్తుంది. భయపడి కుంగిపోవలసినంత పెద్ద సంఖ్య కాదది, కానీ పేగులో అడినోమాలు పుట్టిన నాలాంటివాడు పట్టించుకోకుండా ఉండగలిగినదీ కాదు. మాంసానికి ఎరుపునిచ్చే హీమ్, నిల్వ కోసం కలిపే నైట్రైట్లు పేగులో హానికర నైట్రోసో పదార్థాలు ఏర్పడేందుకు తోడ్పడతాయని, మంట మీద మాడిస్తే వేరే హానికర రసాయనాలు పుడతాయని కూడా తెలుసుకున్నాను.

సాసేజ్, హామ్ పూర్తిగా మానేశాను. ఎర్ర మాంసాన్ని, ప్రపంచ కేన్సర్ పరిశోధన నిధి సూచించినట్టు, వండిన తర్వాతి తూకంలో వారానికి 350 నుంచి 500 గ్రాములు మించకుండా చూసుకుంటున్నాను. మొదట్లో పచ్చి మాంసాన్ని తూచి, వండితే తూకం తగ్గుతుందన్న సంగతి మరిచి లెక్క తప్పాను. ఆ ఖాళీని పప్పులు, ముడిధాన్యాలతో నింపుతున్నాను, ఎందుకంటే వాటిలోని పీచు ముప్పును తగ్గిస్తుందనడానికి మంచి ఆధారాలున్నాయి. ఐదేళ్లకు మళ్లీ రమ్మన్నారు. ఆ గడువు వచ్చే ఏడాది. ఈసారి ఒక్క నెల కూడా వాయిదా వేయను.