తడి కండువా పిండిన నీళ్ళు

మా కోనసీమలో సంక్రాంతిని పెద్దపండగ అంటారు. మూడు రోజులు జరుగుతుంది కాబట్టి పెద్దది అనుకునేవాణ్ణి చిన్నప్పుడు. పెద్దల పండగ కూడా అని తర్వాత తెలిసింది.

ఈసారి భోగి నాటికి ఇంట్లో ముప్పై నాలుగు మందిమి తేలాం. బాత్‌రూములు రెండే. మా పిన్ని అయితే తలుపు దగ్గర నిలబడి పేర్లు పిలిచింది, రేషన్ షాపులో లాగా. సాయంత్రం పసివాళ్ళ తలమీద పోసిన భోగిపళ్ళలో రేగుపళ్ళ కన్నా చిల్లర కోసమే ఎక్కువ కొట్లాట జరిగింది.

మర్నాడు పొద్దున మాత్రం పెరట్లో ఇంకో రకం వాతావరణం. పెద్దనాన్న, నాన్న, బాబాయ్ తడిబట్టలతో దక్షిణం వైపు తిరిగి కూర్చున్నారు. జంధ్యం కుడి భుజం మీదికి మారింది. తండ్రి ఉన్నవాళ్ళం కాబట్టి మాకు తర్పణం లేదు, నీళ్ళు అందించడమే మా పని. తండ్రి, తాత, ముత్తాత: వరసగా వసు, రుద్ర, ఆదిత్య దేవతల రూపాలు. బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య నుంచి నీళ్ళు జారుతుంటే, నల్ల నువ్వులు రెండు మూడు అక్కడే అంటుకుని పోనంటాయి. ముత్తాత పేరు దగ్గర బాబాయ్ ఒక్క క్షణం ఆగాడు. పెద్దనాన్న మెల్లిగా అందించారు.

నాకు ఎప్పుడూ మనసు పట్టేది ఆ తర్వాత వచ్చే శ్లోకం దగ్గర.

యే కే చాస్మత్కులే జాతా అపుత్రా గోత్రిణో మృతాః ।
తే గృహ్ణంతు మయా దత్తం వస్త్రనిష్పీడనోదకమ్ ॥

మా వంశంలో పుట్టి, కొడుకులు లేకుండా పోయిన మా గోత్రీకులు ఎవరున్నారో, వాళ్ళు నేనిచ్చే ఈ బట్ట పిండిన నీళ్ళు తీసుకోవాలి అని. పేర్లుండవు, లెక్క ఉండదు. 'అపుత్రా' అన్న మాట ఈ కాలంలో ఆడపిల్లలున్న మాకు కొంచెం గుచ్చుకుంటుంది, నిజమే. కానీ తర్పణం వదిలే కొడుకు లేనివాళ్ళను కూడా ఎవరో ఒకరు తలుచుకోవాలన్న తపనే నాకు ఇందులో ఎక్కువ కనిపిస్తుంది. అయితే వాళ్ళకి దక్కేది బట్ట పిండిన నీళ్ళేనా అని ఒకప్పుడు కోపం వచ్చేది. ఇప్పుడు ఆ తడి కండువాని చూస్తే అలా అనిపించదు. ఒంటిమీద ఉన్నదే పిండి ఇస్తున్నారు కదా.

పెద్దనాన్న కండువా మడతలు పెట్టి పిండారు. నీళ్ళు ధారగా పడి, చివరికి చుక్కలయ్యాయి.

"ఇవి ఎవరికి తాతయ్యా?" అన్నాడు మా అన్నయ్య కొడుకు.

"మా చిన్నాన్నకిరా. పెళ్ళి చేసుకోలేదు. ఆ కొబ్బరిచెట్లు ఆయన వేసినవే."

నాకు నలభై ఏళ్ళు. ఆ చెట్ల కాయలు తింటూ పెరిగాను. ఆ మనిషి సంగతి అప్పుడే వినడం.

కనుమ నాడు కాకి కూడా కదలదంటారుగా, అందరం ఉండిపోయాం. గారెలు వేస్తూ మేనత్త చిన్న తాతయ్య కబుర్లు మొదలుపెట్టింది. మూకుడులో ఒక వాయి నల్లగా మాడిపోయింది, అయినా ఎవరూ ఆమెని ఆపలేదు.