వేళ్లలో మొదలై రక్తనాళాల దాకా

కీళ్లవాతం అంటే కీళ్లకు మాత్రమే వచ్చే జబ్బు అని చాలామంది అనుకుంటారు. వేళ్లు వంకరపోతాయి, మెట్లెక్కడం కష్టమవుతుంది, అక్కడితో సరి అనుకుంటారు. అది రక్తనాళాల జబ్బు కూడా. ఆ నొప్పికి మనం మింగే మాత్ర కూడా రక్తనాళాల మీదే పనిచేస్తుంది. ఈ రెండు మాటలూ నాకు మొదటి రోజే ఎవరైనా చెప్పి ఉంటే బాగుండేది. ఇప్పుడు నొప్పితో మందుల షాపు ముందు నిలబడి ఉన్న వాళ్ల కోసం నేను చెబుతున్నాను.

విజయవాడలో హైస్కూలు పిల్లలకు జీవశాస్త్రం చెబుతాను. జబ్బు ఒక చలికాలంలో మొదలైంది. పొద్దున్నే లేచేసరికి రెండు చేతుల వేళ్లూ బిగుసుకుపోయి ఉండేవి. పిడికిలి పట్టడానికి గంటకు పైనే పట్టేది. మా అమ్మాయికి జడ వేయలేకపోయాను. పాల ప్యాకెట్ మూల చింపడానికి మావారిని పిలవాల్సి వచ్చేది. నడిమివేలి మొదలు వాచి ఉంగరం రాకపోతే, కంసాలి చేత కోయించి తీయించాం. మధ్యాహ్నానికి కాస్త సర్దుకునేది కాబట్టి బడిలో ఎవరికీ తెలియలేదు. మొదటి పీరియడ్‌లో బోర్డు మీద బొమ్మలు వేయడం మాత్రం మానేసి, పిల్లల చేత వేయించేదాన్ని.

ఎముకల డాక్టరు ఎక్స్‌రే తీయించి, పెద్దగా ఏమీ లేదన్నారు. డైక్లోఫెనాక్ అనే నొప్పి మాత్ర రాసి, “నొప్పి ఉన్నప్పుడు వేసుకోండమ్మా” అన్నారు. నొప్పి ఎప్పుడూ ఉంది. చీటీ చూపించకుండానే షాపులో మాత్రల అట్ట చేతికిచ్చేవారు. బీపీ చూపించుకోమని గానీ, కిడ్నీ పరీక్ష చేయించుకోమని గానీ ఒక్కరూ అనలేదు. మాత్ర వేసుకున్న గంటకు వేళ్లు కదిలేవి, పాఠం చెప్పగలిగేదాన్ని. ఆ ఊరట నిజమైనదే. నొప్పి మాత్రను తేలికగా తీసిపారేసే వాళ్లతో నేను ఏకీభవించను. నొప్పితో ఉద్యోగం చేసే మనిషికి ఆ గంట విలువ తెలుస్తుంది.

ఎండలు ముదిరాయి. మా ఇంట్లో ఆవకాయ పెట్టే రోజులు. ముక్కల్లో కారం, ఆవపిండి, ఉప్పు, నూనె కలపడం ఏటా నా పని. ఆ ఏడు గిన్నెలో చెయ్యి పెట్టగానే మణికట్టు పట్టేసింది. “నువ్వు లేమ్మా, నేను కలుపుతాను” అని అత్తయ్య గారు పీట లాక్కుని కూర్చున్నారు. లేచి నిలబడితే పాదాలు ఉబ్బి, పట్టీల గుర్తులు చర్మంలో లోతుగా పడి ఉన్నాయి. తలనొప్పి అప్పటికే కొన్నాళ్లుగా ఉంది, ఎండ వల్లేమో అనుకుంటున్నాం. మామయ్య గారి బీపీ మిషను పెట్టి చూస్తే పైది 160 దాటింది. మా పుట్టింటి వైపు ఎవరికీ బీపీ లేదు.

మా ఊళ్లోని సూర్యారావుపేటలో ఏ వీధిలో చూసినా డాక్టర్ల బోర్డులే. కీళ్లవాతానికే ప్రత్యేకంగా చూసే డాక్టర్లు ఉంటారని నాకు తోటి టీచరు చెబితేనే తెలిసింది. ఆ డాక్టరమ్మ నా వేళ్ల కణుపులు ఒక్కొక్కటీ బొటనవేళ్లతో నొక్కి చూశారు. “పొద్దున్న బిగుసుకుపోవడం ఎంతసేపు ఉంటుందమ్మా?” అని అడిగారు. అంతవరకు నన్ను ఎవరూ అడగని ప్రశ్న అది. కీళ్లు అరిగి వచ్చే నొప్పిలో ఆ బిగుతు కాసేపట్లో పోతుందట. వాతంలో చాలాసేపు ఉంటుందట. రక్త పరీక్షల్లో ఈ వాతాన్ని పట్టించే యాంటీ సీసీపీ బాగా ఎక్కువ, ఒంట్లో వాపు ఎంతుందో చెప్పే సీఆర్‌పీ ఎక్కువ, కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్ గీత దాటింది. రుమటాయిడ్ ఆర్థ్రైటిస్. శరీరాన్ని కాపాడవలసిన రోగనిరోధక వ్యవస్థ కీళ్ల లోపలి పొర మీదే దాడి చేసే జబ్బు. నొప్పి మాత్రలు ఆ రోజుతో ఆపించారు.

“జబ్బు కీళ్లలో ఉంటే బీపీ ఎందుకు పెరిగింది డాక్టరు గారూ?” అని అడిగాను. జీవశాస్త్రం టీచరునని తెలిశాక ఆవిడ ఓపిగ్గా చెప్పారు. మిగతాది ఇంటికొచ్చి చదువుకున్నాను. చదివేకొద్దీ దీన్ని తేల్చిన పరిశోధకుల మీద గౌరవం పెరిగింది.

ఆస్పిరిన్ ఎలా పనిచేస్తుందో లండన్‌లో జాన్ వేన్ 1971లో తేల్చేవరకు ఎవరికీ సరిగా తెలియదు. వాపునూ నొప్పినీ పుట్టించే ప్రోస్టాగ్లాండిన్ల తయారీని అది ఆపుతుందని ఆయన చూపించారు. 1982లో నోబెల్ బహుమతి వచ్చింది. డైక్లోఫెనాక్ లాంటి నొప్పి మాత్రలు చేసేదీ అదే పని. ప్రోస్టాగ్లాండిన్లు నొప్పి పుట్టించడమొక్కటే చేస్తే కథ అక్కడితో అయిపోయేది. కిడ్నీలో రక్తప్రసారం తగ్గకుండా చూసేవీ, ఒంట్లో చేరిన ఉప్పును బయటికి పంపడానికి తోడ్పడేవీ అవే. మాత్ర వాటిని ఆపేస్తే ఉప్పు, నీరు ఒంట్లో నిలిచిపోతాయి. పాదాలు ఉబ్బుతాయి, బీపీ పెరుగుతుంది. బీపీ మందు వాడేవాళ్లకు ఆ మందు కూడా సరిగా పట్టదు. నా పాదాల మీది పట్టీల గుర్తులకు కారణం ఇదే.

రక్తనాళాల సంగతి అంతకంటే లోతైనది. ఈ మాత్రలు అడ్డుకునేది కాక్స్ అనే ఎంజైములను, వాటిలో రెండు రకాలు. రక్తం గడ్డకట్టడానికి తోడ్పడే ప్లేట్‌లెట్లు కాక్స్-1 సాయంతో థ్రాంబాక్సేన్ తయారుచేస్తాయి. అది ప్లేట్‌లెట్లను గుమిగూడేలా చేసి నాళాన్ని బిగిస్తుంది. నాళం లోపలి పొర ప్రధానంగా కాక్స్-2 సాయంతో ప్రోస్టాసైక్లిన్ తయారుచేస్తుంది. అది ప్లేట్‌లెట్లను గుమిగూడనివ్వదు, నాళాన్ని సడలిస్తుంది. ఈ రెండూ త్రాసులో రెండు పళ్లేలు. కడుపులో పుండు పడకూడదని కాక్స్-2ను మాత్రమే ఆపే మందులు వచ్చినప్పుడు, రెండో పళ్లెం మాత్రమే ఖాళీ అయింది. అమెరికాలోని పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయంలో పనిచేస్తున్న ఐర్లండ్ శాస్త్రవేత్త గారెట్ ఫిట్జ్‌గెరాల్డ్ 1999లోనే ఈ సంగతి బయటపెట్టారు. ఆరోగ్యవంతులకు అలాంటి మందుల్లో ఒకటైన సెలికాక్సిబ్ ఇచ్చి, మూత్రంలో ప్రోస్టాసైక్లిన్ ఆనవాళ్లు పడిపోయాయనీ థ్రాంబాక్సేన్ మాత్రం తగ్గలేదనీ ఆయన బృందం చూపించింది. గుండెకు ముప్పు ఉండవచ్చని హెచ్చరించింది. అదే కోవకు చెందిన రోఫెకాక్సిబ్ అనే మాత్ర 2004 సెప్టెంబరులో మార్కెట్ నుంచి వెళ్లిపోయేదాకా ఆ హెచ్చరికకు తగిన విలువ దక్కలేదు. మధ్యలో గుండెపోటుకు గురైన వాళ్లను తలుచుకుంటే నాకు ఇప్పటికీ బాధ కలుగుతుంది. నేను మింగిన డైక్లోఫెనాక్ పాత మందే అయినా, కాక్స్-2ను అడ్డుకోవడంలో సెలికాక్సిబ్‌కు దగ్గరగా ఉంటుంది. పశువులకు ఇచ్చిన ఆ మందు వల్లే, వాటి కళేబరాలు తిన్న రాబందులు కిడ్నీలు చెడి చచ్చిపోయాయనీ, 2006లో ప్రభుత్వం పశువైద్యంలో దాన్ని ఆపించిందనీ మేం తరగతిలో చెబుతూనే ఉంటాం.

మరో సంగతి మామయ్య గారికి పనికొచ్చింది. గుండె కోసం ఆయన రోజూ చిన్న ఆస్పిరిన్ వేసుకుంటారు. మోకాలి నొప్పికి అప్పుడప్పుడు ఐబుప్రోఫెన్ కూడా. ఐబుప్రోఫెన్ ముందు పడితే ఆస్పిరిన్ ప్లేట్‌లెట్ల మీద చేయవలసిన పని దెబ్బతింటుందని 2001లో తేల్చింది కూడా ఫిట్జ్‌గెరాల్డ్ బృందమే. మామయ్య గారు తన డాక్టరును అడిగి మోకాలికి వేరే మందు రాయించుకున్నారు.

నాకు మొదలుపెట్టిన అసలు మందు మెథోట్రెక్సేట్. వారానికి ఒక్కసారే వేసుకోవాలి. ఈ మాట డాక్టరమ్మ మూడుసార్లు చెప్పి, చీటీ మీద వారం పేరు పెద్ద అక్షరాలతో రాశారు. పొరపాటున రోజూ వేసుకుంటే ప్రాణం మీదికి వస్తుంది. మర్నాడు సెలవని శనివారం రాత్రి పెట్టుకున్నాను. ఆదివారమంతా వికారం, నీరసం. వేరే రోజు ఫోలిక్ యాసిడ్ అనే విటమిన్. ఈ రెండు మందుల వెనకా ఉన్నది మన భీమవరంలో 1895లో పుట్టిన శాస్త్రవేత్త యల్లాప్రగడ సుబ్బారావు అమెరికాలో నడిపించిన లెడర్లీ ప్రయోగశాల అని తెలిసినప్పుడు ఒళ్లు పులకరించింది. ఫోలిక్ యాసిడ్ చేసిన చోటే దానికి అడ్డుపడే మెథోట్రెక్సేట్‌నూ చేశారు. మొదట క్యాన్సరు పిల్లల కోసం వచ్చిన ఆ మందుల వరస కీళ్లవాతానికి పనికొస్తుందని తెలిసేనాటికి ఆయన లేరు. 1948లోనే పోయారు. ఇప్పుడు ఆయన పేరు పిల్లలకు చెప్పేటప్పుడు పాఠ్యపుస్తకం చూడను.

కొన్ని వారాలు ఏ తేడా కనిపించలేదు. ఆ వారాలు గట్టెక్కడానికి కొద్ది మోతాదు స్టెరాయిడ్ ఇచ్చి, క్రమంగా తగ్గించి ఆపేశారు. ఆ తర్వాత ఒక పొద్దున్న ఫిల్టరు మూత నేనే తిప్పాను. బిగుతు గంట నుంచి పావుగంటకు దిగింది. క్రియాటినిన్ మామూలు స్థాయికి వచ్చింది. బీపీకి మొదలుపెట్టిన మాత్ర సగమైంది, ఉప్పు తగ్గించాను. ఆవకాయ పూర్తిగా మానలేదు, ఒక్క ముక్కతో సరిపెట్టుకుంటున్నాను. సాయంత్రాలు బందరు కాలువ గట్టు వెంట నడుస్తాను.

డాక్టరమ్మ రాసిన కొలెస్ట్రాల్ మాత్ర ఎందుకన్నది నాకు మొదట మింగుడు పడలేదు, నా కొలెస్ట్రాల్ అంత ఎక్కువ కాదు. ఈ వాతం ఉన్నవాళ్లకు గుండెజబ్బు ముప్పు లెక్క వేశాక దాన్ని ఒకటిన్నర రెట్లు చేసి చూస్తామని డాక్టరమ్మ చెప్పారు. కీళ్లలో వాపు పుట్టించే రసాయనాలే రక్తంలో తిరుగుతూ నాళాల గోడలనూ చెడగొడతాయి. 2017లో బోస్టన్‌కు చెందిన పాల్ రిడ్కర్ బృందం, గుండెపోటు వచ్చి సీఆర్‌పీ ఎక్కువగా ఉన్న పది వేల మందికి పైగా రోగుల మీద ఒక మందును పరీక్షించింది. కొలెస్ట్రాల్ ఏమాత్రం తగ్గించకుండా, వాపును మాత్రమే తగ్గించి గుండెపోట్లు తగ్గించవచ్చని రుజువైంది. అయితే ఆ మందుతో ప్రాణాంతకమైన ఇన్ఫెక్షన్లు కొన్ని పెరిగాయి. ఆ తర్వాత వాళ్లే మామూలు గుండె రోగుల మీద తక్కువ మోతాదు మెథోట్రెక్సేట్ పరీక్షిస్తే ప్రయోజనం కనిపించలేదు. ఆ ఫలితాన్ని కూడా దాచకుండా ప్రచురించారు. నాకు నచ్చే శాస్త్రం ఇదే.

ఎడమ మణికట్టు ఇంకా పూర్తిగా వంగదు. బోర్డు మీద గుండె బొమ్మ మళ్లీ నేనే వేస్తున్నాను. మెథోట్రెక్సేట్ మోతాదు తగ్గిద్దామా అని పోయిన నెల అడిగాను. “సీఆర్‌పీ ఇంకొన్నాళ్లు ఇలాగే నిలకడగా ఉండనీయమ్మా, అప్పుడు చూద్దాం” అన్నారు డాక్టరమ్మ. కాలేయం పరీక్ష, రక్తకణాల లెక్క వచ్చే వారం ఇవ్వాలి.