లోకల్ ఛానల్ ఎవరిది? ర్యాక్ ఎవరి గదిలో ఉంటే వాళ్లది

అనలాగ్ రోజుల్లో ఊరి లోకల్ ఛానల్ అంటే ఒక గది, రెండు వీసీఆర్‌లు, ఒక మాడ్యులేటర్ (బొమ్మని, ధ్వనిని ఒక ఛానల్ ఫ్రీక్వెన్సీ మీదకి ఎక్కించే పెట్టె). డిష్‌ల నుంచి దిగే ప్రతి ఛానల్‌కీ ర్యాకులో ఒక రిసీవర్, ఒక మాడ్యులేటర్ ఉండేవి. ఆ వరస చివర ఇంకో మాడ్యులేటర్ పెట్టి, దాని ఆడియో, వీడియో పిన్నుల్లో వీసీఆర్ గుచ్చితే ఊళ్లో సొంత ఛానల్ పుట్టినట్టే. ఈ-5 అనే ఛానల్ స్థానం మీద పెడితే వీడియో క్యారియర్ (వీడియోని మోసే అల) 175.25 మెగాహెర్ట్జ్, ఆడియో దానికి 5.5 పైన, అంటే 180.75. కంబైనర్‌లో మిగతావాటితో కలిపి ఊళ్లోకి వెళ్లే ప్రధాన వైరు, అంటే ట్రంక్ లైన్లోకి వదలడమే. 1995 కేబుల్ చట్టం వచ్చాక కూడా హెడ్ పోస్టాఫీసులో ఆపరేటర్‌గా రిజిస్టర్ అయితే పని జరిగిపోయేది. లోకల్ ఛానల్‌కంటూ వేరే కాగితం ఎవరూ అడగలేదు.

చవక మాడ్యులేటర్‌తో ఒక తంటా ఉండేది. మంచిదానిలో సా ఫిల్టర్ అనే జల్లెడ ఉండి, క్యారియర్‌కి కింది వైపు పొర్లే సిగ్నల్‌ని (కింది సైడ్‌బ్యాండ్‌ని) కోసేస్తుంది. చవకదానిలో అది ఉండదు, రెండు వైపులా పోస్తుంది. దాంతో లోకల్ ఛానల్ బాగానే కనిపిస్తుంది కానీ దాని కింది నంబరులో ఉన్న ఛానల్ మీద గీతలు పాకుతాయి. అందుకే తెలిసినవాళ్లు కింద ఒక నంబరు ఖాళీగా వదిలేవారు. ఇక ఆడియో క్యారియర్‌ని వీడియో కంటే 13 నుంచి 15 డెసిబెల్స్ తగ్గించి ఉంచాలి. పాట గట్టిగా వినిపించాలని దాన్ని పెంచితే పై ఛానల్ బొమ్మ అలలు అలలుగా ఊగేది. ఫిర్యాదు మాత్రం ఆ పై ఛానల్ మీద వచ్చేది!

తొంభైల నుంచే జీ గ్రూపు సిటీ కేబుల్, తర్వాత హాత్‌వే వంటి ఎమ్మెస్వోలు (చాలా ఊళ్ల ఆపరేటర్లకి ఫీడ్ ఇచ్చే పెద్ద కేబుల్ కంపెనీలు) రంగంలోకి దిగాయి. ఫీడ్ ఫైబర్ మీద ఊళ్లోకి వచ్చేసరికి చిన్న ఆపరేటర్లు డిష్‌లు దించేశారు. వాళ్లకి ఎల్‌సీవో (లోకల్ కేబుల్ ఆపరేటర్) అన్న పేరు మిగిలింది, ఇంటింటికీ తిరిగి నెలడబ్బులు వసూలు చేసే పని మిగిలింది. అయినా లోకల్ ఛానల్ చేయి దాటలేదు. ఫైబర్ ముగిసి మామూలు కేబుల్ మొదలయ్యే పెట్టె, అంటే ఫైబర్ నోడ్ దాటాక వైర్ మొత్తం ఎల్‌సీవోదే. అక్కడ ఒక కంబైనర్ పెట్టి తన మాడ్యులేటర్‌ని కలిపేసుకునేవాడు.

ఆ తలుపు మూసింది డిజిటైజేషన్. 2011లో చట్టాన్ని సవరించారు. హైదరాబాద్, విశాఖపట్నం రెండో దశలో, 2013 మార్చి 31 గడువుతో వచ్చాయి. చివరి దశ గడువు జరుగుతూ జరుగుతూ 2017 మార్చి 31 దాకా వెళ్లింది. అసలు మార్పు డిజిటల్ అవడం కాదు, ఎన్‌క్రిప్షన్. ప్రతి ఛానల్‌నీ ఎమ్మెస్వో తాళం వేసి పంపాలి, ఆ తాళం తీసేది ఆయన బాక్సే. ఆ బాక్సు అనలాగ్ ఛానల్‌ని పట్టదు. కాబట్టి ఎల్‌సీవో గదిలోని మాడ్యులేటర్ ఒక్కరోజులో పాత ఇనుప సామానైంది.

ఇప్పుడు లోకల్ ఛానల్ వెళ్లే దారి ఇది: స్టూడియో కంప్యూటర్ నుంచి ఎన్‌కోడర్ (బొమ్మని కుదించేది), అక్కడినుంచి మక్స్ (ఛానళ్లని ఒక కట్టగా కట్టేది), స్క్రాంబ్లర్ (తాళం వేసేది), క్వామ్ మాడ్యులేటర్ (ఆ కట్టని కేబుల్ మీదకి ఎక్కించేది). ఇందులో మొదటి రెండే ఊళ్లోవి, మిగతావన్నీ ఎమ్మెస్వో హెడ్‌ఎండ్‌లో (ఛానళ్లన్నీ పోగుచేసి పంపే కేంద్రంలో) ఉంటాయి. 64-క్వామ్ అనే పద్ధతిలో సెకనుకి 6.875 మెగా సింబళ్లు (సంకేతాలు), 8 మెగాహెర్ట్జ్ వెడల్పు పెడితే ఒక క్యారియర్ మోసేది దాదాపు 38 ఎంబీపీఎస్ (సెకనుకి మెగాబిట్లు). ఎంపెగ్-4లో మామూలు ఎస్‌డీ ఛానల్‌కి 2 ఎంబీపీఎస్ వేసుకుంటే, ఆడియో వగైరాలకి పోయేది పోను ఒక క్యారియర్‌లో పదహారు, పదిహేడు పడతాయి. ఎమ్మెస్వో లెక్కలో లోకల్ ఛానల్ అంటే ఆ 2 ఎంబీపీఎస్, అంతకుమించి ఏమీ లేదు. ఆయనకి జాగా ఇరుకైతే మొదట కోత పడేది ఇక్కడే. బిట్‌రేటు చప్పుడు లేకుండా 1.2 ఎంబీపీఎస్‌కి దిగుతుంది, స్టూడియోలో ఎవరికీ తెలియదు. అందుకే స్టూడియోలో ప్రీవ్యూ చూసి సంతోషపడొద్దు. ఒక మామూలు కనెక్షన్ తీసుకుని ఆ బాక్సు బొమ్మనే చూడాలి.

కింద పరిగెత్తే స్క్రోలింగ్ దగ్గర ఈ కోత ముందు బయటపడుతుంది. లోకల్ ఛానల్‌కి డబ్బు తెచ్చేది స్క్రోలింగే, ఎన్‌కోడర్‌ని చంపేదీ అదే. మొహం మాట్లాడుతుంటే ఎన్‌కోడర్‌కి పెద్ద పని ఉండదు. సన్న గీతల తెలుగు అక్షరాలు ఆగకుండా కదిలితే మాత్రం బిట్లన్నీ అక్కడే పోతాయి. ఒత్తులు ముద్దయి ‘స్ట’ ఏదో ‘స్త’ ఏదో తెలియకుండా పోతుంది. మొదట వేగం సరిచేయాలి. ఫ్రేముకి కదిలే పిక్సెళ్లు పూర్ణాంకంగా ఉండాలి. సెకనుకి 25 ఫ్రేములు, ఫ్రేముకి 4 పిక్సెళ్లు అంటే సెకనుకి 100. 720 పిక్సెళ్ల తెరని ఒక అక్షరం 7 సెకన్ల పైచిలుకులో దాటుతుంది, చదవడానికి హాయి. 3.7 అని పెడితే అక్షరం అంచులు ప్రతి ఫ్రేములోనూ మారుతూ వణుకుతాయి. తర్వాత చూడాల్సింది గ్రాఫిక్స్ కార్డు. విండోస్‌లో అది మామూలుగా 60 హెర్ట్జ్ మీద ఉంటుంది, ఛానల్ వెళ్లేది 50 మీద (ఒక్కో ఫ్రేము రెండు సగాలుగా వెళ్తుంది). దాన్ని 50కి మార్చకపోతే స్క్రోలింగ్ సెకనుకి కొన్నిసార్లు కుదుపు తింటుంది. చాలా ఊళ్లలో ఈ ఒక్క సెట్టింగు మార్చకుండా ఎన్‌కోడర్‌ని తిట్టుకుంటూ ఉంటారు. అక్షరం బొద్దుగా, పట్టీ ఒకే ముదురు రంగులో ఉంచాలి. వెనక కదిలే డిజైన్లు వద్దు.

స్టూడియో నుంచి హెడ్‌ఎండ్ వేరే ఊళ్లో ఉంటే ఫీడ్‌ని ఇంటర్నెట్ మీద పంపక తప్పదు. ఉత్త యూడీపీ (ప్యాకెట్ చేరిందో లేదో చూడకుండా పంపే పద్ధతి) మీద పంపితే పోయిన ప్యాకెట్ పోయినట్టే, బొమ్మ చతురస్రాలుగా పగులుతుంది. పోయిన ప్యాకెట్‌ని మళ్లీ పంపే ఎస్‌ఆర్‌టీ పద్ధతి వాడాలి. దాని లేటెన్సీని (అందుకు ఇచ్చే ఆలస్యాన్ని), పింగ్‌లో కనిపించే రానుపోను సమయానికి కనీసం నాలుగు రెట్లు పెట్టాలి. 4జీ మీద అయితే ఇంకా ఉదారంగా, ఒకటి రెండు సెకన్లు ఇవ్వాలి. ఊరి వార్తలకి ఆ ఆలస్యంతో నష్టమేమీ లేదు.

ఛానల్ హఠాత్తుగా మాయమైతే బొమ్మ తప్పు కాకపోవచ్చు. రెండు ఊళ్ల ఛానళ్లకి ఒకే సర్వీస్ ఐడీ (బాక్సు ఛానల్‌ని గుర్తుపట్టే నంబరు) పడితే ఒక ఊరి బాక్సులో పక్క ఊరి పెళ్లి కనిపిస్తుంది. నంబరు మార్చినప్పుడు ఎన్‌ఐటీ టేబుల్ (ఛానళ్లు ఎక్కడున్నాయో బాక్సులకి చెప్పే పట్టిక) వెర్షన్ పెంచడం మరిచిపోతే పాత బాక్సులు కొత్త నంబరుని పట్టించుకోవు, రీస్కాన్ చేసిన ఇళ్లలోనే వస్తుంది. ఈ రెండూ హెడ్‌ఎండ్ వాళ్లు సరిచేయాల్సినవే.

కాగితాల సంగతికొస్తే, 2022 నవంబరు 30న కేంద్రం ఇలాంటి ఛానళ్లకి ‘ప్లాట్‌ఫామ్ సర్వీసెస్’ పేరుతో మార్గదర్శకాలు ఇచ్చింది. ఛానల్‌కి 1,000 రూపాయలు, ఆన్‌లైన్ రిజిస్ట్రేషన్, అదీ ఎమ్మెస్వో పేరున. స్థానిక వార్తలు వేయాలంటే ఆ ఎమ్మెస్వో కంపెనీగా నమోదై ఉండాలి. తెర మీద ‘ప్లాట్‌ఫామ్ సర్వీసెస్’ అని చూపాలి. 90 రోజుల రికార్డింగు దాచాలి. ఆ చివరిదాన్ని లెక్క వేసుకోండి: 2 ఎంబీపీఎస్ అంటే రోజుకి 21.6 జీబీ, 90 రోజులకి దాదాపు 1.95 టీబీ. 2 టీబీ డిస్కు అంచున నిలబడుతుంది. 4 టీబీవి రెండు తీసుకుని ఒకదానికొకటి నకలుగా పెట్టుకోవడం మేలు. రికార్డు చేయాల్సింది స్టూడియో ఫైల్ కాదు, బయటికి వెళ్లిన స్ట్రీమ్.

అంటే స్టూడియో పెట్టుబడి, రిపోర్టర్ల జీతాలు ఒకరివి, పేరు ఇంకొకరిది. ఆ పై ఎమ్మెస్వోలకీ యజమానులు మారుతున్నారు: 2018లో డెన్, హాత్‌వేల్లో మెజారిటీ వాటాలు కొంటున్నట్టు రిలయన్స్ ప్రకటించింది. అందుకని ఒప్పందంలో నాలుగు మాటలు పట్టుబట్టి రాయించుకోవాలి. ఛానల్ నంబరు ఎంత, కనీస బిట్‌రేటు ఎంత, ఏ జిల్లా బాక్సుల్లో రావాలి, ఆపేముందు ఎన్ని రోజుల నోటీసు. బిట్‌రేటు మాట లేని ఒప్పందం నా దృష్టిలో ఒప్పందమే కాదు.

ఎల్‌సీవో రిజిస్ట్రేషన్ కూడా 2025 జనవరి నుంచి పోస్టాఫీసు వదిలి ఆన్‌లైన్‌కి మారింది. ఫీజు 5,000, గడువు ఐదేళ్లు.

ఈ గొడవంతా ఎందుకని నేరుగా యూట్యూబ్‌కి వెళ్లినవాళ్లు చాలామంది. రెండూ నడపవచ్చు. ఇప్పటి ఎన్‌కోడర్లు చాలావరకు ఒకేసారి రెండు స్ట్రీములు ఇస్తాయి, 6 ఎంబీపీఎస్ అప్‌లోడ్ ఉంటే చాలు. ఒక్క జాగ్రత్త: పెళ్లి ఊరేగింపులోనో జాతరలోనో మోగే సినిమా పాట కేబుల్‌లో గడిచిపోయినా యూట్యూబ్‌లో కాపీరైట్ క్లెయిమ్‌కి దొరుకుతుంది. కాబట్టి మిక్సర్ నుంచి రెండు ఆడియో లైన్లు తీయండి. కేబుల్‌కి అంతా, యూట్యూబ్‌కి యాంకర్ మైకు మాత్రమే.