గ్లామర్ అంటే కనికట్టు!

మన సినిమా పేజీల్లో రోజూ కనిపించే 'గ్లామర్' పాత స్కాట్లాండ్ మాట అని నిన్న రాత్రి స్కాట్స్ నిఘంటువు తిరగేస్తుంటే తెలిసింది. ఇక నిద్ర పడితేగా! అక్కడ దానికి అర్థం అందం కాదు, కనికట్టు. మంత్రగాళ్లు చూసేవాళ్ల కళ్లమీద గ్లామర్ వేస్తారని కవి ఆలన్ రామ్సే 1721 నాటి తన సంపుటిలోని పదకోశంలో రాశాడు. ఇంకో తమాషా, ఇది 'గ్రామర్' నుంచి పుట్టిన మాట. చదువు కొద్దిమందికే అందిన రోజుల్లో లాటిన్ వ్యాకరణం వచ్చినవాడికి మంత్రాలూ వచ్చనుకునేవారు జనం. (మా స్కూల్లో గ్రామర్ పీరియడ్‌కి అంత సీన్ లేదు లెండి.) 19వ శతాబ్దంలో వాల్టర్ స్కాట్ రచనలతో ఇంగ్లీషులో పాకింది. మనుషుల అందానికి వాడటం ఆ తర్వాతి సంగతి. నాకైతే పాత అర్థమే నచ్చింది. మేకప్‌మెన్‌ని మంత్రగాళ్లనొచ్చు ఇక!