గడ్డకట్టిన కొబ్బరినూనె

డిసెంబరు, మంగళవారం

పొద్దున అమ్మ తలకు రాసుకుందామంటే కొబ్బరినూనె సీసాలోనే గడ్డకట్టి ఉంది. "కాసేపు వేడినీళ్లలో పెట్టవే" అంది. పక్కనే నువ్వులనూనె మాత్రం ఎప్పటిలాగే జారుతోంది. అదే వంటిల్లు, అదే చలి. సీసా అంచుల దగ్గర నూనె ముందు కరిగి, మధ్యలో తెల్లటి ముద్ద తేలుతుంటే చూస్తూ నిలబడిపోయాను. కొద్దిలో బస్సు తప్పేది.

ల్యాబ్‌లోనూ ఇవాళ నూనె పనే. అంటార్కిటికా బ్యాక్టీరియాను ఒక ఫ్లాస్కులో 4 డిగ్రీల దగ్గర, ఇంకో ఫ్లాస్కులో 22 డిగ్రీల దగ్గర పెంచాం. చలిలో పెట్టింది ఎదగడానికి రోజులు పట్టింది. కణాల్లో క్లోరోఫాం, మెథనాల్ పోసి బాగా కలిపి, నీళ్లు చేర్చి వదిలేస్తే రెండు పొరలుగా విడిపోతుంది. కొవ్వు కింది పొరలో ఉంటుంది, రెంటి మధ్య తెల్లటి తెట్టు. తొందరపడి పిపెట్ దించాను, తెట్టు కూడా వచ్చేసింది. మళ్ళీ ట్యూబులో పోసి, సెంట్రిఫ్యూజ్‌లో తిప్పి, ఈసారి ఊపిరి బిగబట్టి తీశాను. నైట్రోజన్ ఊదితే ద్రావకం ఎగిరిపోయి గాజుకు సన్నటి జిడ్డు మిగిలింది.

ఆ జిడ్డంటే నాకు చాలా ఇష్టం. అందులో ఉండేవి కొవ్వు ఆమ్లాల గొలుసులు. వీటిలో స్టియరిక్ ఆమ్లం 18 కార్బన్ల నిటారు గొలుసు, దాదాపు 69 డిగ్రీలకు గానీ కరగదు. అదే గొలుసు మధ్యలో ఒక్క సిస్ ద్విబంధం (గొలుసును వంచే జోడు బంధం) పడితే ఓలిక్ ఆమ్లం అవుతుంది, 13 డిగ్రీలకే కరుగుతుంది. వంకర పడిన గొలుసులు ఒకదాన్నొకటి అతుక్కుని సర్దుకోలేవు మరి. చలి పెరిగితే బ్యాక్టీరియా చేసేది ఇదే, డీశాచురేజ్ ఎంజైముతో ద్విబంధాలు పెంచుకుంటుంది. కొన్ని రకాలు గొలుసును పొట్టి చేసుకుంటాయి, కొన్ని కొమ్మలున్న గొలుసులు కట్టుకుంటాయి. లేకపోతే కణం చుట్టూ ఉండే కొవ్వు పొర బిగుసుకుపోయి అందులోని ప్రోటీన్లు కదల్లేవు, తిండి లోపలికి రాదు.

చలి వేసిందని దానికెలా తెలుస్తుంది? బాసిల్లస్ సబ్టిలిస్‌లో డెస్‌కె అనే ప్రోటీన్ ఉంది. చలికి గొలుసులు నిటారుగా సర్దుకుని పొర మందమవుతుంది. ఆ మందాన్నే అది పసిగడుతుంది! చదివిన ప్రతిసారీ ఒళ్ళు పులకరిస్తుంది.

మన హైదరాబాదులోని జీవశాస్త్ర పరిశోధన సంస్థ సీసీఎంబీ వాళ్లు అంటార్కిటికాలోని షిర్మాకర్ ఒయాసిస్ మట్టిలో దొరికిన ఒక బ్యాక్టీరియాకు 1992లో స్ఫింగోబ్యాక్టీరియం అంటార్కిటికస్ అని పేరు పెట్టారు. అంత మంచులోంచి తెచ్చి ఇంత ఎండల ఊళ్లో పెంచారంటే ఎంత ఓపికో.

ఇంటికొచ్చేసరికి సీసాలో నూనె మళ్ళీ గడ్డకట్టింది. ట్యూబులు ఫ్రీజర్లో ఉన్నాయి. ఏ కొవ్వు ఆమ్లం ఎంతుందో విడదీసి చూపే గ్యాస్ క్రోమటోగ్రాఫ్ మీద రేపు పదింటికి నా వంతు. 4 డిగ్రీలదే ముందు ఎక్కిస్తాను.